నేలకు మూరెడు ఎత్తున నిద్ర



ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని పెద్దల మాట. ఒక్క రాత్రికి అది నిజమే. పగలంతా వంగి పనిచేసినవాడు పొలం గట్టు మీద తల వాల్చినా నిద్రపోతాడు. కాని చెనక్కాయ పంట కాయ పట్టినప్పటి నుంచి పెరికి వామి వేసేదాకా, అడవిపందుల భయానికి వరుసగా ఎన్నో రాత్రులు చేనులోనే కాపలా పడుకోవలసి వచ్చినప్పుడు నిద్రకు సుఖం కావాలి. సుఖం కంటే ముందు క్షేమం కావాలి. ఈ రెండూ ఇచ్చే ఒక పాత సాధనం గురించి, అందులో పడుకోవడం ఎలా నేర్చుకోవాలనే విషయం గురించి ఈ పూట మీతో ముచ్చటించదలచాను. అదే ఉయ్యాల పడక.

మా అరసికెరె పావగడ తాలూకాలోని ఊరు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు. తాలూకా చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్ర పొలాలే. బడిలో నేను ఉయ్యాల అంటే కొందరు పిల్లలు ఉయ్యాలె అంటారు. చీరతో కట్టే పసిబిడ్డ ఉయ్యాలను కన్నడంలో జోలి అంటారు. బిడ్డను నిద్రపుచ్చే పాటను తెలుగులో జోల అంటాము. భాష ఏదైనా, ఈ సీమలో పుట్టినవాళ్లలో చాలామంది మొదటి ఏడాది దూలానికి కట్టిన చీరలో నిద్రపోయినవాళ్లే. నడక రాగానే అందులోంచి దిగిపోతాము. మళ్లీ ఎక్కము. పెద్దవాళ్లు ఎక్కితే చూసినవాళ్లు నవ్వుతారని బిడియం.

మన దగ్గర బిడ్డలకు మాత్రమే మిగిలిన ఈ పడక ప్రపంచంలో మరికొన్నిచోట్ల పెద్దల పడక. 1492లో కొలంబస్ కరీబియన్ దీవులకు చేరినప్పుడు అక్కడి ప్రజలు రెండు స్తంభాల మధ్య వల కట్టి అందులో నిద్రించడం చూశాడు. ఆ దీవులలోని టైనో ప్రజల మాట హమాక స్పానిష్ భాషలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లీషులో హామక్ అయింది. ఓడ బల్లల మీద పొర్లుతూ పడుకునే నావికులకు ఇది వరమైంది. 1597లో ఇంగ్లండు నౌకాదళం దీనిని అధికారికంగా స్వీకరించింది. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో ఈనాటికీ చాలా ఇళ్లలో ఉయ్యాల తగిలించడానికి గోడలకు కొక్కేలు ఉంటాయి. రాత్రి నిద్ర అందులోనే.

మరి మనకు దీని అవసరమేమిటి? కట్లపామును తలచుకోండి. కన్నడంలో కట్టుహావు అంటారు. ఇది రాత్రిపూట తిరిగే పాము. నేల మీద నిద్రపోతున్నవారిని కరవడం దీని విషయంలో తరచుగా జరిగేదే. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు. గాట్లు కూడా కంటికి కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వీరిలో ఎక్కువమంది పల్లెలవారు. మన పెద్దలు చేనులో మంచె కట్టింది పంట బాగా కనబడాలని మాత్రమే కాదు, నేలను నమ్మకూడదని కూడా. ఈ రోజుల్లో మంచెకు కలప దొరకడం కష్టం. రెండు గట్టి చెట్లు, ఒక గుడ్డ, రెండు మోకులు ఉంటే ఉయ్యాల సిద్ధం.

ఇక కట్టే పద్ధతి. ఇంట్లోని పాత చీర పసిబిడ్డ బరువు మోస్తుంది గాని పెద్ద మనిషి బరువుకు చిరిగిపోతుంది. పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు వచ్చేలా గట్టి నూలు గుడ్డ తీసుకుని, రెండు కొసలా మడిచి దర్జీ చేత బలంగా కుట్టించండి. ఆ మడతలోంచి మోకు దూర్చి కుచ్చుగా బిగించాలి. పన్నెండు నుంచి పదిహేను అడుగుల ఎడం ఉన్న చింత, వేప, కానుగ వంటి పచ్చి చెట్లు మేలు. ఎండిన చెట్టుకు, పుచ్చిన కొమ్మకు కట్టవద్దు. కరెంటు స్తంభానికి ఎంతమాత్రం కట్టవద్దు. బెరడు కోసుకుపోకుండా మోకు కింద గోనెపట్టా చుట్టండి.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఉయ్యాలను వీణతీగలాగా బిగించి కట్టడం. అలా కడితే గుడ్డ అంచులు భుజాలను నొక్కుతాయి, కాస్త కదిలితే మనిషి కింద పడతాడు. పైగా లెక్క చూడండి. అరవై కిలోల మనిషి పడుకున్నప్పుడు మోకు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో మోకు మీద పడే లాగుడు అరవై కిలోలే. అదే 10 డిగ్రీలకు బిగిస్తే ఒక్కో మోకు మీద నూటడెబ్బై కిలోలు దాటుతుంది. మోకు తెగేది అందుకే. 30 డిగ్రీలను కొలవడానికి పరికరం అక్కరలేదు. మోకు ఏడు జానలు అడ్డంగా సాగేసరికి నాలుగు జానలు కిందికి దిగాలి, అంతే. మీరు కూర్చున్నాక ఉయ్యాల అడుగు నేలకు మూరెడు ఎత్తున, అంటే కుర్చీ ఎత్తున ఉండాలి. తాడు జారినా దెబ్బ పెద్దగా తగలదు.

ఇప్పుడు అసలు రహస్యం. ఉయ్యాలలో నిలువుగా, కొస నుంచి కొసకు పడుకుంటే వీపు విల్లులా వంగుతుంది. అరగంటకే నడుము పట్టేస్తుంది. "ఇందులో ఎవడు పడుకుంటాడు" అని జనం దిగిపోయేది ఇందుకే. తలను మధ్యగీతకు ఒక పక్కకు, కాళ్లను రెండో పక్కకు జరిపి ఐమూలగా పడుకోండి. గుడ్డ విచ్చుకుని దాదాపు మంచంలాగా చదునవుతుంది. కాళ్ల వైపు కొసను తల వైపు కంటే జానెడు ఎత్తులో కడితే మనిషి కిందికి జారడు. మోకాళ్ల కింద చిన్న గుడ్డచుట్ట, మెడ కింద పలుచని దిండు చాలు. అంగడిలో దొరికే నైలాను వల ఉయ్యాలైతే తాళ్లు ఒంటికి ఒత్తుకుంటాయి. పైన జమఖానా పరచుకోవాలి.

కార్తీకమాసంలో ఇంకో చిక్కు వస్తుంది. చలి కింది నుంచి కొడుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పినా వీపు చల్లబడుతుంది, ఎందుకంటే ఉయ్యాల అడుగున గాలి ఆడుతూనే ఉంటుంది. మన గొర్రె ఉన్ని కంబళి ఇందుకు మంచి మందు. దాన్ని పైన కప్పుకునే ముందు కిందికి పరచుకోవాలి. దోమతెర కావాలంటే రెండు చెట్లకూ తలపైన ఒక సన్న తాడు కట్టి దాని మీదుగా వేలాడదీయవచ్చు.

మొదటి రాత్రే నిద్ర పడుతుందని ఆశించవద్దు. మధ్యాహ్నం భోజనం తరువాత అరగంటతో మొదలుపెట్టండి. 2011లో జెనీవా విశ్వవిద్యాలయంవారు పన్నెండు మందిని మధ్యాహ్నం ముప్పావుగంట సేపు నెమ్మదిగా ఊగే మంచం మీద పడుకోబెట్టి చూశారు. కదలని మంచం మీద కంటే వారికి త్వరగా నిద్ర పట్టింది. ఈ సంగతి మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. నాలుగైదు మధ్యాహ్నాలు అలవాటైతే రాత్రికి ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. ఎక్కేటప్పుడు ముందు నడిమధ్యన కూర్చుని, కట్టు బరువు ఆపుతున్నదని చూసుకుని, ఆ తరువాతే కాళ్లు పైకి తీయండి. దిగేటప్పుడు టార్చి వేసి నేల చూడండి, చెప్పులు దులిపి తొడుక్కోండి. తేలు దాగేది చెప్పులోనే.

కొన్ని హద్దులు కూడా చెప్పాలి. ఎలుగుబంట్లు తిరిగే గుట్టల పక్కన ఉయ్యాల రక్షణ ఇవ్వదు. అక్కడ ఒంటరిగా ఆరుబయట పడుకోవడమే తగదు. నడుమునొప్పి ఉన్నవారు, నిండు గర్భిణులు, రాత్రి పలుమార్లు లేచే వృద్ధులు మంచమే వాడుకోవాలి. మద్యం తాగి ఎక్కవద్దు. పసిబిడ్డలను పెద్దల ఉయ్యాలలో వేసి వదిలివెళ్లవద్దు. ఇన్ని జాగ్రత్తలు పడినా పాము కరిచిందన్న అనుమానం వస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం అంటూ ఒక్క గడియ కూడా పోగొట్టుకోకండి. 108 మన రెండు రాష్ట్రాలలోనూ పలుకుతుంది. విషానికి విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉంటుంది.

కాపలాకు వెళ్లేది ఎక్కువగా ఇంటికి ఆసరా అయిన మనిషే. మీ అన్నో, మామో, చదువు మానుకున్న కొడుకో ఈ ఏడు చేనులో గోనెపట్టా పరచుకుని పడుకోబోతుంటే, ముందుగా వాకిట్లోని వేపచెట్టుకు ఒక ఉయ్యాల కట్టించండి. ఐమూలగా పడుకోవడం నేర్పించండి. నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వుతారు, అయిదో రోజు తామూ ఒకటి కట్టుకుంటారు.