కీబోర్డు మీద క్యాలెండర్ నడక

(స్మారకోపన్యాస పాఠం)



టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన మాష్టారి పేరు మీద జరిగే సభలో కీబోర్డు గురించి మాట్లాడటం సబబే అనుకుంటాను. లోయర్, హయ్యర్ పరీక్షలు కట్టిన వాళ్లందరికీ మాష్టారి మొదటి నియమం గుర్తుంటుంది: కన్ను కాగితం మీదే ఉండాలి, కీల వైపు పోకూడదు. ఆ నియమం కంప్యూటరు తెర మీదికి వచ్చాక ఏమైందో చెప్పడానికి ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. బొమ్మలూ మౌసూ లేకుండా కేవలం అక్షరాలతో నడిచే క్యాలెండర్ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో ఇవాళ్టి నుంచి రేపటికి, ఈ వారం నుంచి వచ్చే వారానికి, ఈ నెల నుంచి వచ్చే నెలకు వెళ్లాలంటే ఏ కీ నొక్కాలి? ప్రోగ్రాము రాసేవాళ్లు ఆ కీని దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ఒక పూటలో తేలిపోయే ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఇప్పుడు వాడుకలో ఉన్న జవాబుల వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో కొంత యంత్రాలు పెట్టిన నిర్బంధం, కొంత మనుషుల ఆలోచన. రెండింటినీ విడదీసి చూపించడమే ఇవాళ నా పని.

ముందు యంత్రం సంగతి. 1963లో అమెరికాలో ఆస్కీ అనే అక్షర సంకేత ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య. కంట్రోల్ కీ పట్టుకుని ఒక అక్షరం నొక్కితే, ఆ అక్షరం సంఖ్యలోంచి 64 తీసేసిన సంఖ్య కంప్యూటరుకు వెళుతుంది. పెద్ద హెచ్ సంఖ్య 72. అందులోంచి 64 పోతే 8. ఆస్కీలో 8 అంటే ఒక గడి వెనక్కి జరగమని. జె 10 అవుతుంది. అది ఒక వరుస కిందికి దిగమని. కె 11, ఎల్ 12. లియర్ సీగ్లర్ కంపెనీ 1976లో తెచ్చిన ఏడీఎం-3ఏ టెర్మినల్ (కంప్యూటరుకు తగిలించే తెరా కీబోర్డూ) ఈ రెండింటినీ పైకి, కుడికి జరగడానికి వాడుకుంది. దానికి విడిగా బాణం కీలు లేవు. హెచ్, జె, కె, ఎల్ కీల మీదే నాలుగు బాణాలు అచ్చేశారు.

అదే ఏడాది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి వీఐ ఎడిటర్ రాస్తున్నాడు. ఆయన ముందున్న టెర్మినల్ ఏడీఎం-3ఏ. ఆ నాలుగు కీలే వీఐలో ఎడమ, కింద, పైన, కుడి అయ్యాయి. ఆ టెర్మినల్ ఎప్పుడో మూలపడింది. నాలుగు కీలు మాత్రం నిలిచాయి. ఇవాళ గూగుల్ క్యాలెండర్ తెరిచి జె నొక్కితే తర్వాతి వారానికో నెలకో వెళుతుంది, కె నొక్కితే వెనక్కి వస్తుంది. ఆ జె కిందికి దిగిన కారణం ఆస్కీ పట్టికలో ఉంది.

యంత్రం ఇచ్చినట్టే కొన్ని దారులు మూసేసింది కూడా. నెల మార్చడానికి కంట్రోల్-ఎం పెడదామని ఎవరికైనా తోస్తుంది. ఆస్కీ లెక్కలో కంట్రోల్-ఎం అంటే 13, అదే ఎంటర్ కీ పంపే సంఖ్య. మామూలు టెర్మినల్లో ఈ రెండింటికీ తేడా తెలియదు. కంట్రోల్-ఐ, ట్యాబ్ కీల సంగతీ అంతే. కంట్రోల్-ఎస్ చాలా టెర్మినళ్లలో తెరను ఆపేస్తుంది, కంట్రోల్-క్యూ నొక్కితేగానీ కదలదు. కంట్రోల్-సి ప్రోగ్రామునే ముగిస్తుంది, కంట్రోల్-జెడ్ పక్కన పెడుతుంది. ఇవన్నీ తీసేశాక మిగిలిన కీలు తక్కువ.

బాణం కీలు ఉన్నాయి కదా అనవచ్చు. 1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్ మీద అవి నాలుగూ ఒకే వరుసలో ఉండేవి. 1982లో అదే కంపెనీ ఎల్‌కే201 కీబోర్డుతో మూడు కింద, ఒకటి పైన ఉండే నేటి అమరిక వచ్చింది. అయితే టెర్మినల్లో బాణం కీ ఒక అక్షరంగా వెళ్లదు. ఎస్కేప్, ఒక చదరపు బ్రాకెట్, ఒక అక్షరం, ఇలా మూడు కలిసి వెళతాయి. వచ్చిన ఎస్కేప్ విడిగా నొక్కిందా, బాణంలో భాగమా అన్నది తేల్చుకోవడానికి ప్రోగ్రాము కాసేపు ఆగాలి. ఇలాంటి ప్రోగ్రాములకు ఆధారమైన ఎన్‌కర్సెస్ లైబ్రరీ, మనం మార్చకపోతే, ఒక సెకను దాకా ఎదురుచూస్తుంది. పైగా బాణాల కోసం చెయ్యి తన వరుస వదిలి పక్కకు పోవాలి. టైపు నేర్చినవాళ్లకు అది నచ్చదు.

ఇక మనుషుల ఆలోచన సంగతి. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈమాక్స్ ఎడిటర్‌లోని క్యాలెండర్. ఈమాక్స్ 1976లో ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ ప్రభృతుల చేతుల్లో రూపు దిద్దుకుంది. తర్వాతి దశాబ్దం చివర్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్ దానికి ఒక క్యాలెండర్ రాశాడు. తెర మీద మూడు నెలలు పక్కపక్కన కనిపిస్తాయి. ఆయన వేసుకున్న ప్రశ్న ఇది: ఎడిటర్ వాడేవాళ్ల వేళ్లకు ఇప్పటికే వచ్చిన నడకను కాలానికి ఎలా వర్తింపజేయాలి?

ఈమాక్స్‌లో రాతపని చేసేటప్పుడు కంట్రోల్-ఎఫ్ ఒక అక్షరం ముందుకు, కంట్రోల్-బి ఒక అక్షరం వెనక్కి తీసుకెళతాయి. క్యాలెండర్‌లో అవే ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి. రాతలో కంట్రోల్-ఎన్ కింది వరుసకు, కంట్రోల్-పి పై వరుసకు. క్యాలెండర్‌లో వరుస అంటే వారం కాబట్టి అవి వచ్చే వారానికి, పోయిన వారానికి. వరుస మొదటికి చేర్చే కంట్రోల్-ఎ వారం మొదటికి చేరుస్తుంది. వాక్యం మొదటికి చేర్చే మెటా-ఎ (మెటా అంటే నేటి ఆల్ట్ కీ) నెల మొదటికి చేరుస్తుంది. పేరా దాటించే మెటా-వంకీ బ్రాకెట్ నెల దాటిస్తుంది. పేజీ దాటించే జంట, అంటే కంట్రోల్-ఎక్స్ తర్వాత చదరపు బ్రాకెట్, ఏడాది దాటిస్తుంది. ఫైలు మొట్టమొదటికి తీసుకెళ్లే కీ జనవరి 1కి తీసుకెళుతుంది. కీకి ముందు ఒక అంకె ఇస్తే అన్నిసార్లు కదులుతుంది. నేటి నుంచి నూరవ రోజు ఏ వారమో తెలుసుకోవాలంటే కంట్రోల్-యు, 100, కంట్రోల్-ఎఫ్.

ఇందులో కొత్తగా బట్టీ పట్టాల్సింది దాదాపు లేదు. అక్షరం, వరుస, పేరా, పేజీ అన్న మెట్లు రోజు, వారం, నెల, ఏడాది అయ్యాయి. మెట్ల సంఖ్య మారలేదు, దిశ మారలేదు. ఎడిటర్‌లో లేని అవసరం ఒకటి మాత్రం క్యాలెండర్‌లో ఉంది: ఎక్కడెక్కడో తిరిగి ఇవాళ్టికి తిరిగి రావడం. దానికి చుక్క కీ పెట్టాడు. క్యాలెండర్‌లో మనం ఏమీ టైపు చెయ్యం కాబట్టి మామూలు అక్షరాలూ చుక్కలూ ఖాళీగా ఉంటాయి. కంట్రోల్‌తో పని లేకుండా వాటిని ఆజ్ఞలుగా వాడుకోవచ్చన్నది క్యాలెండర్‌కు దొరికిన వెసులుబాటు.

ఇంత చక్కటి పోలికకూ ఒక చోట చిక్కు ఉంది. జనవరి 31 మీద నిలబడి ఒక నెల ముందుకు వెళితే ఫిబ్రవరి 31 లేదు. ఈమాక్స్ ఆ నెల చివరి రోజు దగ్గర ఆపుతుంది. అక్కణ్ణుంచి ఒక నెల వెనక్కి వస్తే జనవరి 28 (లీపు ఏడాదిలో 29) వస్తుంది, 31 రాదు. వెళ్లిన దారినే తిరిగి వచ్చినా బయల్దేరిన చోటికి చేరం. ఇది రాసినవారి లోపం కాదు, నెలల పొడవు సమానంగా లేకపోవడం వల్ల వచ్చింది. అందుకే నెల దాటించే కీ పెట్టే ప్రతి ప్రోగ్రామూ దానితోపాటు తేదీ చెప్పి నేరుగా వెళ్లే కీ కూడా ఇవ్వాలి. ఈమాక్స్‌లో అది జి, డి.

ఇంకో పాయ వ్యక్తిగత కంప్యూటర్లది. 1978లో వచ్చిన రాతపని ప్రోగ్రాము వర్డ్‌స్టార్ ఆజ్ఞల పేర్లను పట్టించుకోలేదు, కీల స్థానాన్ని పట్టుకుంది. కంట్రోల్‌తో ఇ పైకి, ఎక్స్ కిందికి, ఎస్ ఎడమకు, డి కుడికి. ఎడమ చేతి కింద నాలుగు దిక్కులూ ఏర్పడ్డాయి. వాటి పక్కనున్న ఎ, ఎఫ్ ఒక్కో మాట దాటిస్తాయి. అంటే బయటికి పోయేకొద్దీ అడుగు పెద్దదవుతుంది. మన ఊళ్లలో ఒకప్పుడు కంప్యూటర్ కోర్సంటే వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. ఈ హాల్లో ఆ నాలుగు కీలు ఇంకా మరిచిపోని వాళ్లు ఉండే ఉంటారు. 1984లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన సైడ్‌కిక్, కంట్రోల్-ఆల్ట్ కలిపి నొక్కగానే నడుస్తున్న ప్రోగ్రాము మీద క్యాలెండర్‌నూ నోటుపుస్తకాన్నీ తెరిచేది. ఆ నోటుపుస్తకంలో కదలికలు వర్డ్‌స్టార్ పద్ధతివే. అలవాటు ఉన్న చోటికే వెళ్లాలని వ్యాపారులకూ అర్థమైందన్న మాట.

మూడో పద్ధతి పేర్ల మొదటి అక్షరాలది. 2004 నుంచి ఫ్రెడెరిక్ క్యులో రాస్తూ వచ్చిన క్యాల్‌కర్స్ అనే ప్రోగ్రాములో చిన్న డబ్ల్యూ వచ్చే వారానికి, పెద్ద డబ్ల్యూ పోయిన వారానికి. అలాగే ఎం నెలకు, వై ఏడాదికి. చిన్నక్షరం ముందుకు, పెద్దక్షరం వెనక్కి అన్న నియమం ఒక్కసారి వింటే చాలు. కానీ రోజుకు డి దొరకలేదు. డి అక్కడ పద్దు తొలగించే కీ. దాంతో రోజు టి పాలయింది. గూగుల్ క్యాలెండర్‌లోనేమో టి అంటే ఇవాళ, డి అంటే రోజువారీ తెర. రెండూ వాడేవాళ్లు ఒకదానిలో ఒక రోజు ముందుకు వెళదామని నొక్కిన అలవాటుతో రెండోదానిలో ఉన్న చోటు పోగొట్టుకుంటారు. పేరును బట్టి పెట్టిన కీ నేర్చుకోవడానికి తేలిక. కానీ ఒకే అక్షరానికి పోటీపడే మాటలు ఎక్కువ కాబట్టి అది నిలకడగా ఉండదు.

క్యాల్‌కర్స్‌లో హెచ్, జె, కె, ఎల్ కూడా పనిచేస్తాయి. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఎల్ అంటే కుడికి కాబట్టి రేపు, జె అంటే కిందికి కాబట్టి వచ్చే వారం. ఇది వారం అడ్డంగా ఉన్నప్పుడే నిజం. మన గోడల మీది చాలా తెలుగు క్యాలెండర్లలో ఆది, సోమ, మంగళ అని వారాల పేర్లు ఎడమ పక్క నిలువుగా ఉంటాయి, తేదీలు పై నుంచి కిందికి దిగుతాయి. అక్కడ కిందికి వెళితే రేపు, కుడికి వెళితే వచ్చే వారం. యునిక్స్ కుటుంబంలోని ఎన్‌క్యాల్ ఆజ్ఞ కూడా నెలను ఇలాగే అచ్చేస్తుంది. అలాంటి అమరికలో స్థానాన్ని నమ్ముకున్న కీలు తారుమారవుతాయి. ముందుకు, వెనక్కి అన్న అర్థాన్ని నమ్ముకున్న కంట్రోల్-ఎఫ్, కంట్రోల్-బి మారాల్సిన పని లేదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో చూపించినవాడు టి.వి.రామన్. పద్నాలుగేళ్ల వయసులో గ్లకోమాతో చూపు పోగొట్టుకున్న ఈ భారతీయ శాస్త్రవేత్త 1990లలో ఈమాక్స్‌కు మాట నేర్పే ఈమాక్‌స్పీక్ తయారుచేశాడు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివే యంత్రానికి క్యాలెండర్ గడిలో కనిపించేది ఒక అంకె మాత్రమే. ఈమాక్‌స్పీక్ ఆ అంకెతో సరిపెట్టుకోకుండా వారం, నెల, తేదీ, సంవత్సరం పూర్తిగా పలుకుతుంది. తెర చూడనివాళ్లకు కుడి, కింద అన్నవి లేవు. రేపు, వచ్చే వారం మాత్రమే ఉన్నాయి.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని ఈ ప్రోగ్రాములు తెరిస్తే హెచ్ దగ్గర ప, జె దగ్గర ర, కె దగ్గర క, ఎల్ దగ్గర త వెళతాయి. ప్రోగ్రాముకు ఆ అక్షరాలు తెలియవు. ఏదీ కదలదు. వేలు సరైన చోటే పడింది, భాష మాత్రం మారింది. విమ్ ఎడిటర్‌లో దీనికి లాంగ్‌మ్యాప్ అనే అమరిక ఉంది, ఫలానా అక్షరం వస్తే ఫలానా ఇంగ్లిషు అక్షరంగా తీసుకో అని చెప్పవచ్చు. జర్మన్ వాళ్లకూ ఇలాంటి కష్టమే. వాళ్ల కీబోర్డులో బ్రాకెట్ల కోసం ఆల్ట్-జీఆర్ పట్టుకోవాలి కాబట్టి ఈమాక్స్‌లో నెల దాటడానికి వేళ్లు మెలితిప్పాలి.

మనకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. రైన్‌గోల్డ్, నాహుమ్ డెర్షోవిట్స్ కలిసి 1997లో ప్రచురించిన క్యాలెండర్ గణిత గ్రంథంలో హిందూ పంచాంగ గణితం ఉంది. ఈమాక్స్‌తో వచ్చే క్యాలెండర్‌లో మాత్రం హీబ్రూ, ఇస్లామిక్, మాయన్ తేదీలు కనిపిస్తాయి, మన తిథి కనిపించదు. రేపు ఎవరైనా తెలుగు పంచాంగానికి ఇలాంటి ప్రోగ్రాము రాస్తే, ఒక మాసం ముందుకు అన్న కీ ఎక్కడికి వెళ్లాలి? 2023లో అధిక శ్రావణం వచ్చి, ఆ తర్వాత నిజ శ్రావణం వచ్చింది. ఆషాఢ పంచమి నుంచి ఒక మాసం అంటే అధికమా, నిజమా? క్షయ తిథి రోజున ఎక్కడ ఆగాలి? జనవరి 31 చిక్కు ఇక్కడ పదింతలవుతుంది. దాన్ని కీలు తేల్చలేవు. రాసేవాళ్లు ముందు నియమం తేల్చుకుని, ఆ తర్వాతే కీ పెట్టాలి.

చివరిగా, ఈ సభలో ప్రోగ్రాములు రాసే యువకులకు, యువతులకు నా విన్నపం. కొత్త కీలు కనిపెట్టకండి, మీ వాడుకరి వేళ్లకు వచ్చినవేవో ముందు కనుక్కోండి. రోజు నుంచి ఏడాది దాకా నాలుగు మెట్లకూ ఒకే నియమం పెట్టండి. ముందుకు వెళ్లే ప్రతి కీకీ వెనక్కి వచ్చే జత ఉండాలి. ఇవాళ్టికి రావడానికి ఒక కీ, తేదీ చెప్పి వెళ్లడానికి ఒక కీ తప్పనిసరి. బాణాలతోనూ అక్షరాలతోనూ పని జరగనివ్వండి. కీలు మార్చుకునే వీలు వాడేవాళ్లకు వదలండి. తెలుగు కీబోర్డు పెట్టి ఉండగా మీ ప్రోగ్రాము నడుస్తుందో లేదో విడుదలకు ముందే ఒకసారి చూడండి. ఇన్ని చేసినా మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే కుదిరిన కీని ఎవరూ గమనించరు. మాష్టారు నేర్పిన విద్యకు కొలమానం కూడా అదే.