ఒక పెద్ద ప్రధానసంఖ్య
(తొండేభావి పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



తెలుగున చదివిన బిడ్డకు పెద్ద లెక్కలు వచ్చునా యని మీలో పలువురు మమ్ము అడుగుచుందురు. ఆ ప్రశ్నకు ఒక లెక్కతోనే సమాధానము చెప్పదలచితిమి.

ఒకటి కంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను దప్ప మరి దేనిచేతను నిశ్శేషముగ భాగింపబడని సంఖ్యను ప్రధానసంఖ్య యందుము. కన్నడమున దానినే అవిభాజ్యసంఖ్య యందురు. పేరులు రెండు, వస్తువొక్కటే.

రెండు రెండ్లను, మూడు రెండ్లను, ఐదు రెండ్లను, ఏడు రెండ్లను గుణించి, ఒక్కొక్కదానినుండి ఒకటి తీసివేసిన వరుసగా 3, 7, 31, 127 వచ్చును. ఇవన్నియు ప్రధానసంఖ్యలే. అయినను తొందరపడరాదు. పదునొకండు రెండ్లను గుణించి ఒకటి తీసిన 2047 వచ్చును. అది 23, 89ల లబ్ధము. ఇందొక విశేషము కలదు. 11కు రెట్టింపైన 22చే 23ను భాగించినను, 89ని భాగించినను శేషము ఒకటియే.

ముప్పదియొక్క రెండ్లను గుణించి ఒకటి తీసిన 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధానసంఖ్య యని 1772లో ఆయిలర్ మహాశయుడు తెలిపెను. అప్పటికి ఆయనకు చూపు దాదాపు నశించియుండెను. ఇంత సంఖ్యను ఎట్లు పరీక్షించుట? ఒక సంఖ్యకు భాజకములున్నచో అందొకటి దాని వర్గమూలమును మించదు. కావున 46,340 వరకు చూచిన చాలును. అందును, పైన చెప్పిన విశేషముచే, 62చే భాగింపగా ఒకటి శేషించు సంఖ్యలనే చూడవలెను. వానిలోను 8చే భాగింపగా 1 గాని 7 గాని శేషించునవే పనికివచ్చును. మిగిలినవి నాలుగు వందలకు లోపే! వానిలో ఏదియు దీనిని భాగింపదు. ఆ మహనీయుని శ్రమను తగ్గించినది ఆలోచనయే.

ఈ సంఖ్య నేటికిని పనిచేయుచున్నది. 32 స్థానములతో, అందొకటి ధనఋణ చిహ్నమునకు విడిచి లెక్కించు కంప్యూటరులకు ఇదియే మిక్కిలి పెద్ద సంఖ్య. 1970 జనవరి 1 మొదలు సెకండ్లను ఈ విధముగ లెక్కించు గడియారములు 2038 జనవరి 19న నిండిపోవును. 2024 అక్టోబరులో ప్రకటింపబడిన ఇదే జాతి ప్రధానసంఖ్యకు 4,10,24,320 అంకెలు కలవు.

గణితము తెలుగునకు క్రొత్త గాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కన్నడదేశపు గణితము తెలుగింట నాడే కాలుమోపినది.

తలిదండ్రులారా, ఈ రాత్రి మీ బిడ్డను 91 ప్రధానమా, 97 ప్రధానమా యని అడుగుడు. 2, 3, 5, 7లతో భాగించి చూచిన చాలునని చెప్పి, ఎందుకు చాలునో వివరింపగలిగినచో ఆ బిడ్డకు గణితము వచ్చినట్లే. ఆ "ఎందుకు" అనుదానిని గ్రహించుటకు ఇంటి భాషకంటె దగ్గరి దారి లేదు. పై తరగతులలో మారునవి పేరులే. వానిని కన్నడమునను ఆంగ్లమునను పక్కనే నేర్పుట మా బాధ్యత.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అయితే తరగతిలో బిడ్డలున్ననే ఆ సౌకర్యము నిలుచును. మీ బిడ్డలను మాకు అప్పగింపుడని, ఇంట వారితో లెక్కలు మాటలాడుడని మా ప్రార్థన.