హాస్యనటుని కన్నీరు



హాస్యనటుడు తెరపై కానవచ్చుటతోడనే జనము నవ్వుటకు సిద్ధమగును. అతడింకను నోరు విప్పియుండడు. అయినను నేలతరగతినుండి నవ్వు వినవచ్చును. ఆ నవ్వే అతని జీవనాధారము. అతడొకనాడు కరుణరసపాత్ర ధరింపదలచెనా, ఆ నవ్వే అడ్డుగోడయై నిలుచును. ఇతర నటుడు ప్రేక్షకుని హృదయమును కరగించిన చాలును. హాస్యనటుడు మొదట ఆ నవ్వు నాపవలెను, పిదప కరగింపవలెను.

ఇది మన సాహిత్యమునకు క్రొత్త కాదు. గ్రంథాలయమున 'మృచ్ఛకటికము' చదివినవారు విదూషకుడైన మైత్రేయుని ఎరుగుదురు. తిండిపోతుతనముతో నవ్వించిన ఆ మైత్రేయుడే, చారుదత్తుని వధ్యస్థానమునకు గొనిపోవునపుడు అతని పసికుమారుని వెంటబెట్టుకొని వచ్చి, మిత్రుడు పోయిన పిదప తానును బ్రతుకనని నిశ్చయించుకొనును. శూద్రకుడు ఆ శోకమును విదూషకునికి అప్పగించుటకు జంకలేదు. జంకు సినిమావారికే ఎక్కువ.

నెల్లూరుజిల్లావారికి హాస్యమనగనే స్ఫురించు పేరు రమణారెడ్డిగారిది. జగదేవిపేటలో 1921లో జన్మించి 1974లో కీర్తిశేషులైన వీరి బక్కపలుచని శరీరమును, మాటవిరుపును 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) చూచినవారు మరువలేరు. 'రోజులు మారాయి' (1955)లో వీరి కరణము నవ్వించుచునే రైతుల గొంతు కోయును. హాస్యముతో క్రౌర్యమును చూపవచ్చునని అందు తేలినది. శోకమును చూపుట వేరుమాట.

ఆ సాహసము చేసినవారు రాజబాబుగారు. రాజమండ్రిలో పుట్టి, వేషములకై మద్రాసు చేరినవారు. రాజమండ్రినుండి మద్రాసు పోవు రైలు ఈ బిట్రగుంట మీదుగనే పోవలెను గదా! ఇచ్చటి లోకోషెడ్డులో ఆవిరియంత్రములు బుసకొట్టిన కాలమున, ఎందరి ఆశలు ఈ ప్లాటుఫారము దాటి దక్షిణమునకు సాగెనో!

1973లో దాసరి నారాయణరావుగారు తమ తొలిచిత్రమైన 'తాతా మనవడు'లో ఎస్.వి. రంగారావుగారిని తాతగను, రాజబాబుగారిని మనవడుగను నిలిపిరి. కన్నవారిని మరచిన కొడుకు కథ యది. గంభీరుడైన నాయకుడెవరైన మనవడైనచో ఆ కథ ఉపదేశమై చప్పబడిపోవును. ఆకతాయివలె తిరుగువాడు తాతపై చూపు ప్రేమ గనుకనే దానిని జనము నమ్మిరి. పిదప 'ఎవరికి వారే యమునా తీరే' (1974), 'మనిషి రోడ్డున పడ్డాడు' (1976) చిత్రములలో కూడ వారు ప్రధానపాత్రలు ధరించిరి. అయినను రాజబాబనగనే జనమునకు నేటికిని నవ్వే గుర్తువచ్చును. ఏబది యేండ్లయినను నిండక, 1983లో వారు కన్నుమూసిరి.

ఇటీవలివారిలో అల్లరి నరేష్‌గారి 'గమ్యం' (2008) గుర్తింపదగినది. మోటారుసైకిళ్ల దొంగ గాలి శీను చిత్రము పొడవునను వాగుచునే యుండును, చివరకు మరణించును. ఆ చావును కరుణతో నింపినది ఏడ్పు కాదు, ఆ వాగుడు ఆగిపోవుటయే. 'నాంది' (2021)లో వారు చేయని నేరమునకు చెరలో మ్రగ్గు విచారణఖైదీ. అందు నవ్వునకు తావే లేదు. శ్రమ ఇందే ఎక్కువ. గుండెను తాకినవాడు మాత్రము శీనుయే.

బ్రహ్మానందముగారి సంగతి మరియు విచిత్రము. అత్తిలి కళాశాలలో తెలుగు బోధించిన ఈయన 'అహ నా పెళ్ళంట' (1987)తో ఇంటింటివాడయ్యెను. కనుబొమ నెగురవేసి, పెదవి విరిచి, ఒక్క మాటయైన లేకయే నవ్వించుట వారి విద్య. కృష్ణవంశిగారి 'రంగమార్తాండ' (2023)లో చక్రపాణియను వృద్ధ రంగస్థలనటునిగా, ఆసుపత్రి పడకపైనుండి చిరకాలమిత్రునితో మాటలాడు ఘట్టమున, ఆ కదలికల నన్నిటిని అణచివైచిరి. నవ్వుకై ఆ ముఖమును వెదకువానికి అలసిన కన్నులు మాత్రమే దొరకును. ఆ చిత్రము వెలువడునాటికి వారికి 67 ఏండ్లు.