వైద్యవిద్యార్థి తొలి సంవత్సరము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



జమాఖర్చులు వ్రాసికొని బ్రతుకువాడు వైద్యవిద్యను గురించి మాట్లాడుట సాహసమని నాకును తెలియును. నేను వైద్యకళాశాలలో చదివినవాడను కాను. గురుముఖము లేకయే ఈ గ్రంథాలయపు బల్లలమీద నాలుగు కావ్యములు చదువుకొన్నవాడను. అయినను మా మేనకోడలు వైద్యవిద్యలో చేరినది మొదలు నేను కన్నవియు విన్నవియు మీకు విన్నవింపవలెనని లేచితిని.

ఊరిబిడ్డకు వైద్యకళాశాలలో స్థానము లభించినచో మనము మిఠాయిలు పంచుదుము. తరువాత ఆమె యేమి చదువుచున్నదో అడుగము. సెలవులకు వచ్చినప్పుడు "సూది వేయుట నేర్చితివా?" అని మాత్రము అడుగుదుము. మొదటి సంవత్సరమున సూది లేకపోలేదు. అది రోగికి కాదు, విద్యార్థి వ్రేలికే. తన వ్రేలిని తానే పొడుచుకొని, ఆ నెత్తుటిబొట్టును సూక్ష్మదర్శిని క్రింద నుంచి కణములను లెక్కింపవలెను.

ఆ సంవత్సరమున శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము అను మూడు శాస్త్రములు ముఖ్యములు. ఎదిగిన మనిషి దేహమున 206 ఎముకలు గలవు. ఒక్క మణికట్టునందే 8. ప్రతి యెముకకును గట్లు, గుంటలు, రంధ్రములు, అన్నింటికిని పేర్లు. ఏ కండరము ఎచ్చట అంటుకొన్నదో, ఏ నరము ఏ దారిని పోవునో చూడక చెప్పవలెను. పగలు పాఠములు, శవచ్ఛేదనశాల. రాత్రి పటములు గీయుట, వల్లెవేయుట. నడుమ నడుమ మౌఖిక పరీక్షలు. శవము చెడకుండ ఎక్కించిన ఫార్మలిన్ ఘాటునకు కన్నులు నీరు కారును.

సంక్రాంతికి వచ్చిన మా పిల్ల తిరిగి వెళ్లనని కూర్చుండెను.

"మామయ్యా, పదో తరగతి దాకా తెలుగులో చదివాను. ఈ పేర్లు నా నోటికి ఎక్కడం లేదు. పక్కవాళ్లు గడగడా చెబుతుంటే నాకు మాట రావడం లేదు. ఆ బల్లమీద వాళ్లను చూసి వచ్చాక అన్నం కూడా సయించడం లేదు" అనెను.

నేను వెంటనే అంతవరకైన ఖర్చు లెక్క చెప్పితిని. లెక్క సరియైనదే, చెప్పిన సమయము తప్పు. పిల్ల ఆ రాత్రి భోజనము చేయలేదు.

మరునాడు సిగ్గుపడి, ఈ గ్రంథాలయమునుండి అమరకోశము తెచ్చి మనుష్యవర్గము తీసితిని. బాల్యమున అర్థము తెలియకయే నేను వల్లించిన భాగమది. దేహాంగముల పేర్లన్నియు అందు గలవు. ఆమె తన పుస్తకము విప్పెను. మోకాలికి లాటిన్ పేరు 'జెను', మనకు 'జానువు'. ఎముకకు గ్రీకు పేరు 'ఆస్టియాన్', మనకు 'అస్థి'. పంటికి లాటినున 'డెన్స్', మనకు 'దంతము'. సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చిరి. "అయితే ఇవి మన చుట్టాలే కదా మామయ్యా!" అని పిల్ల నవ్వెను.

భాషాభయము కొంత తీరినది. శవభయము మిగిలెను. సుశ్రుతుడు ఆ విద్యను విధించిన తీరును ఆమెకు చెప్పితిని. దేహమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, పారునీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, తరువాత పొరపొరగా తీసి కన్నులతో చూడుమనెను. ఆయన ఎముకలు 300 అనెను. దంతములను, మెత్తని యెముకలను కూడ చేర్చుటచే లెక్క పెరిగినది. లెక్క మారినను, చూడక నేర్చినది చాలదన్న నియమము మారలేదు. నడుమ ఆ విద్య మన దేశమున అడుగంటెను. సంస్కృత వైద్యగ్రంథములు చదివిన మధుసూదన గుప్త 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు, కులాచారమును కాదని, స్వహస్తములతో శవచ్ఛేదనము చేసెను.

దేవతలకు తన యస్థుల నిచ్చిన దధీచి కథ భాగవత షష్ఠస్కంధమున గలదు. ఏర్చూరి సింగన దానిని తెనిగించెను. "ఆ బల్లమీదివారు దధీచులమ్మా" అంటిని. పిల్ల కొంతసేపు ఊరకుండి, "అందరూ తామై ఇచ్చినవాళ్లు కాదు మామయ్యా. దిక్కులేక చనిపోయినవాళ్లూ ఉంటారు. వాళ్లను ఎవరూ అడగలేదు" అనెను.

నాకు సమాధానము తోచలేదు. ఇచ్చినవారికి మనము ఋణపడితిమి. అడుగబడనివారికి రెట్టింపు ఋణపడితిమి. అనేక కళాశాలలయందు విద్యార్థులు మొదట ఆ దేహము నెదుట నిలిచి, గౌరవముతో మెలగుదుమని ప్రమాణము చేయుదురు. రేపు మన నాడి పట్టు వైద్యుడు మొదట తాకిన చేయి ఆ పేరు తెలియని మనిషిది.

పిల్ల తిరిగి వెళ్లెను. ఒక శాస్త్రమున తప్పి, మరల వ్రాసి నెగ్గెను. ఆ మాట దాచవలదని తానే చెప్పెను.

మీకు నా మనవులు రెండు. వైద్యము చదువు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు "నిద్రపోవుచున్నావా, వేళకు తినుచున్నావా?" అని అడుగుడు. రెండవది, తెలుగు అర్థములతో కూడిన వైద్యనిఘంటువు నొకదానిని, దేహపటముల గ్రంథము నొకదానిని ఈ గ్రంథాలయమునకు కొనుడు. తెలుగు బడిలో చదివిన మరియొక బిడ్డ రేపు వెళ్లును.

నా విషయమొకటి చెప్పి ముగింతును. మరణానంతరము నా దేహమును వైద్యకళాశాలకు ఇయ్యవలెనని కోరితిని. నా భార్య, కర్మకాండ యేమగునని దుఃఖించి, ఇంకను సమ్మతింపలేదు. ఆమెను నేను తొందరపెట్టను. అడుగక తీసికొనుట తగదని పిల్ల నాకు నేర్పినది గదా! కావున ఆ పద్దు ఇంకను మూయలేదు.