ఈకల టోపీ, ఇప్పపువ్వు

కొలోన్‌లో కార్నివాల్ గురించి మీకు చెప్పక్కర్లేదు. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి ఈకల టోపీ కావాలని పేచీ పెట్టాడు. జర్మన్‌లో మనం 'ఇండర్', అమెరికా ఆదివాసులు 'ఇండియానర్'. క్లాసు పిల్లలకి ఆ తేడా పట్టదు, మావాడు రెండూ తనే అనుకున్నాడు!

సరే, టోపీ పక్కన పెట్టి ఒజిబ్వే వాళ్ళ గురించి చదివాం. బ్రెమెన్‌కి చెందిన యోహాన్ గియోర్గ్ కోల్ 1855లో సుపీరియర్ సరస్సు దగ్గర వాళ్ళ మధ్య గడిపి, 1859లో పుస్తకం రాశాడు. వసంతంలో మేపుల్ చెట్ల పాలతో చక్కెర కాయడం, వేసవిలో పళ్ళు ఏరడం, ఆకులు రాలే కాలంలో పడవల మీద వెళ్ళి నీళ్ళలో పండే అడవి బియ్యం దులపడం. కథలు మాత్రం మంచు పడ్డాకే.

"అమ్మా, మనవైపు ఇలాంటివాళ్ళు లేరా?" అన్నాడు.

ఎందుకు లేరు! మాది అచ్చంపేట దగ్గర పల్లె. ఎదురుగా నల్లమల, అందులో చెంచులు. మన తెలుగే మాట్లాడతారు. వాళ్ళ గురించి పెద్ద పుస్తకం రాసినాయన కూడా ఇటువైపు మనిషే. వియన్నాలో పుట్టిన హైమెండార్ఫ్, 1939లో యుద్ధం వచ్చేసరికి జర్మన్ పాస్‌పోర్టుతో హైదరాబాదు రాజ్యంలో చిక్కుకుపోయారు. 1940లో భార్య బెట్టీతో కలిసి చెంచుపెంటల్లో ఉన్నారు. పుస్తకం 1943లో వచ్చింది.

ఆ రోజుల్లో చెంచుపిల్లకి ఏడాది ఎలా గడిచేదంటే, ఎండలు ముదిరేముందు తెల్లారకుండానే లేచి, చెట్టు కింద రాలిన ఇప్పపువ్వు ఏరాలి. పెంటలో నీళ్ళు తగ్గితే ఇల్లంతా వాగు పక్కకి మారేది, ఆకుల పందిరే ఇల్లు. తునికిపళ్ళు, మొర్రిపళ్ళు అప్పుడే. వానలు పడితే మళ్ళీ గుండ్రటి గుడిసెకి. అమ్మ ఇనుప మొన బిగించిన కర్రతో గడ్డలు తవ్వుతుంటే పక్కన కూర్చుని నేర్చుకోవాలి. చలికాలం పోయేవేళకి చింతకాయ. చింతపండులో బూడిద కలుపుకు తింటారు, పులుపు విరుగుతుందని. మావాడు మొహం చిట్లించాడు లెండి.

తేనె సంగతికి మాత్రం నోరు తెరిచాడు. కొండచరియ మీంచి తాడు పట్టుకుని నాన్న దిగుతాడు. పైన తాడు కాసేది ఎవరు? బావమరిది. అక్కచెల్లెళ్ళ పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి కదా, వదలడు.

ఇప్పుడు చాలా మారింది. 1983లో ఆ అడవి పులుల రిజర్వు అయింది. కొన్ని పెంటలు ఖాళీ చేయించాలన్న మాట వస్తూనే ఉంది. 2019లో యురేనియం గొడవ వస్తే తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

మా చిన్నప్పుడు ఒకామె తేనె తెచ్చేది, వెంట నా ఈడు పిల్ల. మా నాయనమ్మ తేనె పోయించుకుని జొన్నలు కొలిచేది, ఎప్పుడూ తలకొట్టే కొలిచేది. నేను చూసేదాన్ని. ఆ పిల్ల కూడా చూసేది. ఇది మావాడికి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను.

వాడు జొన్నల సంగతి అడగలేదు.

"ఆ అమ్మాయి పేరేంటమ్మా?" అన్నాడు.

నాకు తెలీదు. ఆ ఆదివారం ఫోన్ చేసి మా అమ్మని అడిగాను. అమ్మకీ తెలీదు.