తెగులుకు తగిలిన తెగులు



నారాయణఖేడ్‌లో సభ అన్నాక పంట మాట లేకుండా అధ్యక్షోపన్యాసం సాగదు. ఈ నల్లరేగడి మీద పత్తి పెరిగింది, సోయా వచ్చింది, అయినా కంది తన చోటు వదులుకోలేదు. అందుకని శిలీంధ్రాలకు సోకే వైరస్‌ల గురించి మాట్లాడమని మిత్రులు చెప్పినప్పుడు, కందిచేను గట్టు మీద నిలబడే మాట్లాడదామనుకున్నాను.

కందికి ఎండు తెగులు ఎలా వస్తుందో ఇక్కడి రైతుకు నేను చెప్పనక్కరలేదు. చేను పూత మీద ఉంటుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న చెట్టు వాడుతుంది, నీళ్ళు పెట్టినా తేరుకోదు. మొదలు నుంచి పైకి ఊదారంగు పట్టీ పాకుతుంది. కాండం చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు. ఫ్యుజేరియం ఉడం అనే శిలీంధ్రం వేరు గుండా చొరబడి నీటి గొట్టాలను మూసేసిన గుర్తులవి. ఈ తెగులును 1906లో బట్లర్ అనే ఐరిష్ శాస్త్రవేత్త బీహార్‌లోని పూసాలో వర్ణించాడు. మోళ్ళు నేలలో ఉన్నంత కాలం, రెండు మూడేళ్ళయినా, శిలీంధ్రం వాటినే పట్టుకుని బతుకుతుంది. మందు కొట్టి దాన్ని నేలలోంచి వెళ్ళగొట్టడం అయ్యే పని కాదు.

కాబట్టి శాస్త్రవేత్తలు చెట్టునే గట్టిచేయాలనుకున్నారు. మనకు దగ్గరే, బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరులో, 1972లో ఇక్రిశాట్ వచ్చింది. అక్కడ తెగులు మడి అని ఒకటి పెంచారు. ఎండిన కంది మోళ్ళను నరికి మళ్ళీ మళ్ళీ అదే నేలలో కలిపి, మామూలు కంది అసలు బతకలేనంతగా ఆ మడిని చెడగొట్టారు. అందులో వందల రకాలు చల్లి, నిలబడినవాటిని ఏరుకున్నారు. అలా దొరికిందే మారుతి. మహారాష్ట్ర నాటు కంది నుంచి ఎంపికై, పటాన్‌చెరులో పరీక్షకు నిలిచి, 1986లో కర్ణాటకలో విడుదలైంది. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించే ఖేడ్‌కు ఇంతకంటే తగిన విత్తనం ఏముంటుంది?

అయితే ఎండు తెగులుకు లొంగని మారుతి వెర్రి తెగులుకు లొంగిపోయింది. గొడ్డు మోతు తెగులని మనం తిట్టుకునేది దాన్నే. చెట్టు గుబురుగా పెరుగుతుంది, ఆకులు చిన్నబోయి లేతరంగుకు తిరుగుతాయి, పూత రాదు. ఏ రకం దీన్ని తట్టుకుంటుందో పరీక్షించడానికి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వై.ఎల్. నేనే, ఎం.వి. రెడ్డి కనిపెట్టిన పద్ధతి నాకు భలే ఇష్టం. తెగులును మోసే నల్లులున్న జబ్బు ఆకును తెచ్చి, ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకుకు స్టేప్లర్‌తో కుట్టేయడమే! ఆఫీసు బల్ల మీది వస్తువుతో దేశమంతా వాడుకునే పరీక్ష తయారైంది. 1993లో వచ్చిన ఆశ రకం రెండు తెగుళ్ళనూ తట్టుకుంది. ఆ నల్లి మోసుకొస్తున్నది ఏమిటన్నది మాత్రం తెగులును మొదట గుర్తించిన 1931 నుంచి దాదాపు డెబ్బై ఏళ్ళు తేలలేదు. పి. లావకుమార్, డి.వి.ఆర్. రెడ్డి, బ్రిటన్‌కు చెందిన జోన్స్ కలిసి అదొక కొత్త వైరస్ అని పట్టుకున్నారు.

ఇంత అనుభవం ఉన్నవాళ్ళకు వైరస్ అంటే పంట పాలిట శత్రువే. అందుకే ఇప్పుడు చెప్పబోయేది కొంచెం విడ్డూరంగా తోస్తుంది. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడంటాం కదా, చెట్టును చంపే శిలీంధ్రానికి కూడా వైరస్ సోకుతుంది.

1904లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాలలో చెస్ట్‌నట్ చెట్లు బెరడు పగిలి చావడం మొదలుపెట్టాయి. ఆసియా నుంచి చేరిన శిలీంధ్రం అది. యాభై ఏళ్ళలో అమెరికా అడవుల్లో మూడు నాలుగు వందల కోట్ల చెట్లను అది పొట్టనబెట్టుకుందని అంచనా. 1938లో ఇటలీలో జెనోవా దగ్గర కనిపించింది. ఇక యూరప్ పని కూడా అంతే అనుకున్నారు. అలా జరగలేదు. 1950 దశకం మొదట్లో బిరాగి అనే ఇటలీ శాస్త్రవేత్త కొన్ని చెట్లకు పుండ్లు వాటంతటవే మానుతుండడం చూశాడు. నా దృష్టిలో ఈ కథంతటిలో గొప్ప పని అదే. తెగులు శాస్త్రవేత్త చచ్చిన చెట్టు దగ్గరికి పరిగెత్తుతాడు. బతికిన చెట్టు దగ్గర ఆగడం ఎవరికి తోస్తుంది?

ఆ తర్వాత ఫ్రాన్స్‌లో గ్రాంత్ మానుతున్న పుండ్లలోంచి శిలీంధ్రాన్ని తీసి పెంచాడు. నారింజ రంగులో ఉండాల్సింది తెల్లగా పెరిగింది, చెట్టును చంపలేకపోయింది. బలమైన శిలీంధ్రం పక్కన దాన్ని పెడితే బలమైనదీ నీరసించింది. ఆ తెల్లదాన్ని పుండ్ల చుట్టూ పూసి తోటలను కాపాడారు. 1977లో కనెక్టికట్ శాస్త్రవేత్తలు ఇలాంటి శిలీంధ్రాల్లో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఉందని చూపించారు. అయినా నేరం, కాదు, ఉపకారం రుజువు కావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. 1992లో చోయ్, నస్ ఆ ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు తయారుచేసి, ఏ వైరస్సూ లేని శిలీంధ్రంలో పెట్టారు. అది వెంటనే బలహీనపడింది.

ఇదే మందు అమెరికా అడవుల్లో ఎందుకు పారలేదు? ఈ వైరస్‌కు బయట తిరిగే అలవాటు లేదు. రెండు శిలీంధ్రాల పోగులు కలిసి ఒకటైతేనే ఇందులోంచి అందులోకి వెళ్తుంది. ఆ పోగులు వియ్యానికి కూర్చున్న పెద్దల్లాంటివి, అన్నీ కుదిరితే తప్ప కలవవు, పైగా ఇక్కడ ఒకే గోత్రమైతేనే పొత్తు! ఆరు చోట్ల జన్యువులు సరిపోవాలి. సరిపోకపోతే కలిసిన చోటి కణాలు చచ్చిపోతాయి, వైరస్ అక్కడితో ఆగుతుంది. ఇలా జన్యువులు సరిపోయేవాటిని ఒక గుంపు అనుకుంటే, యూరప్‌లో ఈ గుంపులు తక్కువ, అమెరికాలో ఎక్కువ. ఒక దేశంలో పనిచేసిన వైద్యాన్ని సీసాలో పోసి ఇంకో దేశంలో చల్లేద్దామనేవాళ్ళకు ఈ ఒక్క వివరం చాలు.

చైనాలో వూహాన్‌లోని హువాజోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జియాంగ్ బృందం 2010లో ఇంకో రకం వైరస్‌ను చూపించింది. ఆవజాతి పంటల కాండాన్ని కుళ్ళబెట్టే స్క్లెరోటీనియాలో ఉండే డీఎన్‌ఏ వైరస్ అది. బయటి నుంచి కూడా శిలీంధ్రంలోకి దూరగలదు. పదేళ్ళ తర్వాత వాళ్ళే చెప్పిన సంగతి మరీ ఆశ్చర్యం: ఈ వైరస్ సోకిన శిలీంధ్రం మొక్కను చంపడం మాని, లోపలే కాపురం పెట్టి, దాని ఎదుగుదలకు తోడ్పడుతోంది. అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినేలల్లో బతికే గడ్డి కథా ఇలాంటిదే. గడ్డిలో శిలీంధ్రం, శిలీంధ్రంలో వైరస్. మూడూ ఉంటేనే ఆ వేడికి తట్టుకుంటుందని 2007లో తేలింది.

ఇదంతా విన్నాక, తెగులును తట్టుకునే శక్తిని చెట్టు జన్యువుల్లోనే వెతకడం సగం వెతుకులాటే అనిపిస్తోంది నాకు. మిగతా సగం శత్రువు కడుపులో ఉండొచ్చు. మన ఫ్యుజేరియం దాయాదుల్లో అలాంటి వైరస్ ఇప్పటికే దొరికింది. కొరియాలో గోధుమజాతి పంటల ఫ్యుజేరియాన్ని నీరసపరిచే వైరస్‌ను 2002లో ప్రకటించారు. మరి ఖేడ్ రేగడిలో?

వెతకడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు, కనీసం మొదటి మెట్టుకు. ఎండు తెగులు సోకీ చావకుండా కాయ కాసిన చెట్టును రైతు చూపించాలి. దాని కాండం ముక్కను కాగితం కవరులో, ఊరు పేరు రాసి తేవాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి పాడవుతుంది. డిగ్రీ కాలేజీ పిల్లలు ఆలుగడ్డ రసం, అగార్ కలిపిన పళ్ళెంలో పెంచి, నెమ్మదిగా పెరిగేదాన్నీ రంగు మారినదాన్నీ వేరు చేయాలి. చెట్టే గట్టిదై తట్టుకుందా, శిలీంధ్రమే డీలాపడిందా అన్నది తేలాలంటే దాన్ని మళ్ళీ మామూలు కందికి ఎక్కించి చూడాలి. ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు పటాన్‌చెరులో ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. దొరికినదాన్ని చేలో చల్లే తొందర మాత్రం వద్దు.

ఈలోగా జొన్నలో కంది వేసే మన పాత అలవాటును వదలకండి. అలా వేస్తే ఎండు తెగులు తగ్గుతుందని పటాన్‌చెరు పొలాల్లోనే కొలిచి చూశారు. ఈ సభలో మొదటి పత్రం కూడా జొన్న మీదే కాబట్టి, దాన్ని చదవవలసినవారిని వేదిక మీదికి రమ్మంటున్నాను. పత్రానికి ఇరవై నిమిషాలు. రైతులు అడిగే ప్రశ్నలకు మాత్రం గడువు లేదు.