లెక్కకెక్కని బాధితులు

(మహారాష్ట్రలోని తెలుగు మిల్లు, సాంచా కార్మికుల సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన మీటింగుల్లో కూలిరేటు, బోనసు, పి.ఎఫ్. గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు పోలీసు లెక్కల ఊసెందుకని మీరు అడగవచ్చు. కారణం ఉంది.

ఆ మధ్య రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వస్తున్న మన సాటి కార్మికుడి చేతిలోంచి ఇద్దరు ఫోను లాక్కుని బండి మీద పారిపోయారు. స్టేషనుకు వెళితే మరాఠీలో ఒక కాగితం రాసి సంతకం చేయించుకున్నారు. ఇంటికి వచ్చి, బడికి పోయే కూతురి చేత చదివిస్తే ఫోను 'పోగొట్టుకున్నట్టు' ఉంది. లాక్కున్న మాటే లేదు.

మస్టరులో పేరు లేని బదిలీ కార్మికుడి సంగతి మనకు తెలుసు. ఎనిమిది గంటలు చెమటోడ్చినా కాగితం మీద ఆ రోజు అతను పనికే రాలేదు. ఆ ఫోను సంగతీ అంతే. నేరం రోడ్డు మీద జరిగింది, పుస్తకంలో జరగలేదు.

ఆ పుస్తకం సంగతి చూద్దాం. దేశంలో నేరాల వార్షిక నివేదిక 1953 నుంచి వస్తోంది. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో ఇప్పుడు దాన్ని తయారుచేస్తోంది. అందులో మహారాష్ట్రలో స్త్రీలపై నమోదైన నేరాల సంఖ్య చూడండి. 2019లో 37,144. 2020లో 31,954. 2021లో 39,526. 2022లో 45,331. 2023లో 47,101.

2020లో అయిదు వేలకు పైగా తగ్గాయి. ఆ ఏడాది మగవాళ్లందరూ మంచివాళ్లయిపోయారా? లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి, కూలి ఆగింది, కొట్టేవాడూ దెబ్బలు తినేదీ ఒకే గదిలో ఉండిపోయారు. గడప దాటి స్టేషనుకు పోయే దారి లేదు. తగ్గినవి దెబ్బలని ఎవరైనా అంటే మన పేటల్లో ఏ ఆడమనిషీ నమ్మదు.

అదే ఏడాది దేశం మొత్తం మీద నమోదైన నేరాలు 51,56,158 నుంచి 66,01,285కు పెరిగాయి. దొంగలు పెరిగారా? లేదు. ప్రభుత్వ ఉత్తర్వు ధిక్కరించారనే 188వ సెక్షను కేసులు 2019లో 29,469 ఉంటే 2020లో 6,12,179 అయ్యాయి. అవి ఎక్కువగా లాక్‌డౌన్ నిబంధనల కేసులు. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని బ్యూరో కూడా తన నివేదికలో హెచ్చరిస్తుంది. కనుక 47,101ని చూసి రాష్ట్రం చెడిపోయిందని బెదరనక్కరలేదు, 31,954ని చూసి బాగుపడిందని మురవనక్కరలేదు. అందులో కొంత భాగం ధైర్యం చేసి స్టేషను మెట్లెక్కిన ఆడవాళ్ల లెక్క కూడా కావచ్చు.

ఇంకో కిటుకు ఉంది. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో దోపిడీ, హత్య రెండూ ఉంటే పెద్ద నేరం ఒక్కటే లెక్కకు వస్తుంది. 'ఎన్.సి.' అని రాసి పంపినవి ఆ లెక్కలోకి రావు. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టాలలో అయిదు వేల రూపాయలకు తక్కువ విలువ గల చిన్న దొంగతనం పోలీసులు తమంత తాము కేసు చేపట్టే నేరాల జాబితాలోనే లేదు. సేటుకు అయిదు వేలు ఒక పూట భోజనం ఖర్చు. మనకది ఇంటి అద్దె. రేపు దొంగతనాలు తగ్గాయని లెక్క వస్తే ఈ మాట గుర్తుంచుకోండి. అయితే చేతిలోంచి లాక్కుపోవడాన్ని అదే చట్టం 304వ సెక్షనులో వేరే నేరంగా పెట్టింది. అందుకే 'పోయింది' అనే మాటకూ 'లాక్కున్నారు' అనే మాటకూ అంత తేడా.

ఇక మన తప్పు కూడా చెప్పుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, హింసకు గురైన స్త్రీలలో 14 శాతం మందే ఎవరినైనా సాయం అడిగారు. 77 శాతం మంది సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. వాళ్లలో బీడీలు చుట్టే మన అక్కలు, కండెలు చుట్టే మన చెల్లెళ్లు లేరా? యూనియన్ ఆఫీసుకు వచ్చి గోడు చెప్పుకున్న వారిని "ఇంటి గొడవ, సర్దుకుపోమ్మా" అని మేమే వెనక్కి పంపిన రోజులున్నాయి. కూలి కోత పడితే ఊరేగింపు తీసిన మేము, చెల్లెలి చెయ్యి విరిగితే పెద్దమనుషుల పంచాయితీకి అప్పగించాం. ఆ కేసులు రాయనిది పోలీసులు కాదు, మేము. ఈ వేదిక మీద ఒప్పుకుంటున్నాం.

ఇకమీదట ఏం చేయాలి?

ఒకటి. స్టేషనుకు ఒంటరిగా పోవద్దు. యూనియన్ నుంచి మరాఠీ చదవడం వచ్చిన ఒకరు తోడు వస్తారు. నోటితో చెప్పింది రాసుకుని చదివి వినిపించాలని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. అర్థం కాకుండా సంతకం పెట్టవద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

రెండు. "మా హద్దు కాదు" అంటే ఊరుకోవద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా రాయాలి. కేసు పెట్టదగిన నేరమని తెలిస్తే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరి అని సుప్రీం కోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. రాయకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు.

మూడు. ఫోనులో మోసపోయి బ్యాంకు డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

నాలుగు. సాయం కోసం వచ్చిన చెల్లెలికి "సర్దుకుపో" అనే మాట యూనియన్ ఆఫీసులో ఇక వినిపించదు. ఇది మా మాట. తప్పితే ఈ సభలోనే నిలదీయండి.

మిత్రులారా, మస్టరులో పేరు ఎక్కించుకోవడానికి మన పెద్దలు పోరాడారు. మనకు జరిగిన అన్యాయాన్ని పుస్తకంలోకి ఎక్కించడం కూడా ఆ పోరాటంలో భాగమే. రాసిన దానికే జవాబు అడగగలం. రాయిద్దాం, చదివించుకుందాం, ఆ తరువాతే సంతకం పెడదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!